యాంటెన్నా: తీగలోని విద్యుత్తు తరంగంగా మారేదెలా?

నడిసముద్రంలో పడవ మునిగినపుడు అందులోని వారి ఆచూకీని ఉపగ్రహానికి చేరవేసేది జానెడైనా లేని ఒక లోహపు కడ్డీ. 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసే అత్యవసర బీకన్ వెలువరించే శక్తి సుమారు 5 వాట్లు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే ఈ కొద్దిపాటి శక్తే 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర ఉపగ్రహాలకు సైతం అందుతుంది. తీగలో కదిలే విద్యుత్తు ఆ తీగను విడిచి శూన్యంలోకి ఎలా వెళ్లగలుగుతుందన్నదే యాంటెన్నా శాస్త్రానికి మూలమైన ప్రశ్న.

కదలికలో మార్పే కీలకం

నిశ్చలంగా ఉన్న విద్యుదావేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం మాత్రమే ఉంటుంది. ఆవేశం స్థిరమైన వేగంతో కదిలితే దానికి అయస్కాంత క్షేత్రం తోడవుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తరంగం పుట్టదు. ఆవేశం వేగం పుంజుకున్నా, మందగించినా, దిశ మార్చుకున్నా తరంగం జనిస్తుంది.

ఆవేశం చోటు మారిన సంగతి పరిసరాలకు తక్షణమే తెలియదు. ఆ మార్పు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల కాంతివేగంతో విస్తరిస్తుంది. అంతవరకు దూరంలోని క్షేత్రం పాత స్థానాన్నే సూచిస్తూ ఉంటుంది. పాత, కొత్త క్షేత్రాలు కలిసే చోట ఏర్పడే వంపే తరంగం. ఆవేశం ఆగిపోయినా ఆ వంపు ఆగదు. మామూలు విద్యుత్ క్షేత్రం దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. తరంగ క్షేత్రం మాత్రం సగానికే తగ్గుతుంది. సుదూరానికి సంకేతం అందడానికి కారణం ఇదే.

రెండు తీగల నుంచి డైపోల్ వరకు

పక్కపక్కనే సాగే రెండు తీగల్లో విద్యుత్తు పరస్పరం వ్యతిరేక దిశల్లో ప్రవహిస్తుంది. ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేయడంతో శక్తి బయటకు పోదు. ఆ తీగల చివరలను చెరోవైపు విప్పితే రెండు భుజాల్లోనూ ప్రవాహం ఒకే దిశకు మళ్లి, ప్రభావాలు కలుస్తాయి. డైపోల్ యాంటెన్నా రూపం ఇదే.

దాని మొత్తం పొడవు తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉన్నపుడు అనునాదం కలుగుతుంది. తిరిగివచ్చే ఊయలను సరైన క్షణంలో తోసినట్లు, చివరలను తాకి మరలే ప్రవాహానికి ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే కొత్త తోపు సరిగ్గా జతపడుతుంది. అలాంటి డైపోల్ ట్రాన్స్‌మిటర్‌కు సుమారు 73 ఓమ్‌ల నిరోధంగా కనిపిస్తుంది. ఈ నిరోధంలో ఖర్చయ్యే శక్తి వేడిగా మారదు, తరంగంగా వెళ్లిపోతుంది. దీన్నే వికిరణ నిరోధం అంటారు.

పొడవును నిర్ణయించేది పౌనఃపున్యం

ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ ప్రసారాల పౌనఃపున్యం 738 కిలోహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. ఇంతటి తరంగాలకు నాలుగో వంతు, అంటే దాదాపు 100 మీటర్ల నిలువు స్తంభం సరిపోతుంది. నేలలో పరచిన రాగి తీగలు, భూమి కలిసి రెండో భుజం పాత్ర పోషిస్తాయి. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం ప్రసారానికి ఒకటిన్నర మీటర్ల డైపోల్ చాలు. 406 మెగాహెర్ట్జ్ బీకన్‌కు నాలుగో వంతు అంటే సుమారు 18 సెంటీమీటర్లే. ఇళ్లలోని 50 హెర్ట్జ్ విద్యుత్తు తరంగదైర్ఘ్యం 6,000 కిలోమీటర్లు. అందుకే ఇంటి తీగలు చెప్పుకోదగ్గ శక్తిని తరంగాలుగా వెదజల్లవు.

సిద్ధాంతం నుంచి ప్రయోగానికి

ఈ తరంగాల ఉనికిని మ్యాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన పత్రంలో గణితం ద్వారా సూచించారు. 1887-88లో జర్మనీలోని కార్ల్‌స్రూహేలో హెర్ట్జ్ ప్రయోగాలతో నిరూపించారు. కోల్‌కతాలో జగదీశ్ చంద్ర బోస్ 1890వ దశకంలోనే 5 మిల్లీమీటర్ల స్థాయి తరంగాలను సృష్టించి, వాటిని గ్రహించేందుకు గరాటు ఆకారపు యాంటెన్నాను వాడారు. నేటి హార్న్ యాంటెన్నాలకు అది పూర్వరూపం.

నిటారుగా, నీటికి పైన

నిలువు యాంటెన్నా నుంచి వెలువడే శక్తి దాని చుట్టూ గారె ఆకారంలో వ్యాపిస్తుంది. కడ్డీ కొన చూపే దిశలో మాత్రం దాదాపు ఏమీ వెళ్లదు. ఆకాశంలో వేర్వేరు కోణాల్లో ఉన్న ఉపగ్రహాల్లో ఏదో ఒకదానికి సంకేతం అందాలంటే బీకన్ కడ్డీని నిటారుగా నిలపాలి. ఉప్పునీరు విద్యుద్వాహకం కావడంతో ఈ తరంగాలు కొద్ది సెంటీమీటర్ల లోతులోనే క్షీణిస్తాయి. అందువల్ల యాంటెన్నా నీటిలో మునగకుండా, లోహపు వస్తువుల చాటున లేకుండా చూడాలి.

స్వీకరణ ఇదే ప్రక్రియకు తిరుగు రూపం. వచ్చిన తరంగం లోహంలోని ఎలక్ట్రాన్లను ఊపి సూక్ష్మమైన విద్యుత్తును పుట్టిస్తుంది. బాగా ప్రసారం చేసే యాంటెన్నా అదే పౌనఃపున్యంపై, అదే దిశ నుంచి వచ్చే సంకేతాన్ని బాగా స్వీకరిస్తుంది కూడా.