ఎక్స్-రే వెనక ఉన్న అట్టముక్క

ఎక్స్-రే కథ అనగానే మనకి రోంట్‌జెన్, ఆయన భార్య చెయ్యి, ఆ వేలికున్న ఉంగరం గుర్తొస్తాయి. స్కూల్లో చదువుకున్నదీ అంతే. ఆ ఫొటోకి ఎంతసేపు పట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. 1895 డిసెంబర్ 22న ఆవిడ దాదాపు పావుగంట చెయ్యి కదపకుండా ఉంచాల్సి వచ్చింది. పల్చటి చెయ్యికే పావుగంటైతే ఇక నడుముకో, ఛాతీకో ఎంతసేపో ఊహించుకోండి.

ఇబ్బంది ఎక్కడంటే, ఫొటో ప్లేటు మీద పూత చాలా పల్చన. ఎక్స్ కిరణాల్లో చాలా భాగం దాన్ని పట్టించుకోకుండా దాటిపోతాయి. చిక్కిన ఆ కాసినితోనే బొమ్మ తయారవ్వాలి. అంటే టైం పెంచాలి, రోగి ఒంట్లోకి కిరణాలూ పెరగాలి.

దీనికి విరుగుడు రోంట్‌జెన్ గదిలోనే ఉంది. 1895 నవంబర్ 8న ఆయన ఈ కిరణాల్ని కనిపెట్టిందే బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర మెరవడం చూసి! మరి అలా మెరిసే తెరని ప్లేటుకి ఆనించి పెడితే? ఆ వెలుగు కూడా ప్లేటు మీద పడుతుంది కదా. 1896 ఫిబ్రవరిలో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ ప్యూపిన్ సరిగ్గా అదే చేశాడు. ఒక లాయరు చేతిలో తుపాకీ రవ్వలు బోలెడు దిగబడ్డాయి. మామూలు పద్ధతిలో గంట దాకా పట్టే ఫొటో, ఎడిసన్ పంపిన తెర ఆనించి తీస్తే కొన్ని సెకన్లలో వచ్చేసింది. ఇంటెన్సిఫయింగ్ స్క్రీన్ అంటే ఇదే.

ఎడిసన్ తన అలవాటు ప్రకారం వేలకొద్దీ రసాయనాలు పరీక్షించి కాల్షియం టంగ్‌స్టేట్‌ని పట్టుకున్నాడు. 1896 మే నెలలో న్యూయార్క్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌లో జనం క్యూ కట్టి మరీ ఆ తెర మీద తమ ఎముకలు చూసుకున్నారు. ఆ పనుల్లో ఎడిసన్ దగ్గర సహాయకుడు క్లారెన్స్ డాలీ. ట్యూబు బాగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి రోజూ తన చెయ్యే అడ్డం పెట్టేవాడు. పుళ్ళు పడ్డాయి, కేన్సర్ వచ్చింది, చేతులు తీసెయ్యాల్సి వచ్చింది. 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్ కిరణాల జోలికి వెళ్ళడమే మానేశాడు.

డాలీ సంగతి పక్కన పెట్టి తెర కథ మాత్రం ముందుకే సాగింది. 1918లో కోడాక్ రెండువైపులా పూత ఉన్న ఫిల్మ్ తెచ్చింది. దాన్ని రెండు స్క్రీన్ల మధ్య శాండ్‌విచ్‌లా పెట్టేవారు. పూత పేరు మాత్రం డెబ్భై ఏళ్ళకి పైగా మారలేదు, అదే కాల్షియం టంగ్‌స్టేట్. మన భాషలో చెప్పాలంటే పక్కా లెగసీ సిస్టమ్.

1970ల్లో రేర్ ఎర్త్ స్క్రీన్లు వచ్చాయి. ముఖ్యంగా కాస్త టెర్బియం కలిపిన గాడొలీనియం ఆక్సీసల్ఫైడ్. చిన్న లెక్క చూద్దాం. 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రే ఫోటాన్ ఒకటి స్క్రీన్‌లో చిక్కిందనుకోండి. టంగ్‌స్టేట్ అందులో 5 శాతాన్ని నీలం వెలుగుగా మారిస్తే సుమారు 800 కాంతి ఫోటాన్లు. గాడొలీనియం 15 శాతాన్ని ఆకుపచ్చగా మారిస్తే 3000 పైమాటే. పైగా అది కిరణాల్ని పట్టుకోవడంలోనూ మెరుగే. కానీ ఒక డిపెండెన్సీ ఉంది. పాత ఫిల్మ్‌కి ఆకుపచ్చ సరిగ్గా కనపడదు, కాబట్టి ఫిల్మూ మార్చాలి.

ఇప్పుడు ఆసుపత్రులు చాలావరకు డిజిటల్ అయిపోయాక, పాత కాసెట్లలోంచి స్క్రీన్లు తీసి, చీకటి పెట్టెలో డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసే హాబీ వాళ్ళు తయారయ్యారు. వాళ్ళకి గాడొలీనియమే నయం. మామూలు కలర్ కెమెరా సెన్సర్‌లో సగం పిక్సెళ్ళు ఆకుపచ్చవే. ఇక పూత మందంగా ఉంటే బొమ్మ త్వరగా వస్తుంది కానీ వెలుగు పక్కలకి పాకి అలుక్కుపోతుంది. పల్చగా ఉంటే గీతలు స్పష్టం, కిరణాలు మాత్రం ఎక్కువ కావాలి. రెండూ కావాలంటే కుదరదు.

ఈ హాబీ వాళ్ళు స్పష్టత కోసం పల్చటి స్క్రీన్ వైపే మొగ్గుతారు. సర్క్యూట్ బోర్డుకి డోసు ఎక్కువైతే నష్టమేముంది అనుకుంటారు. నిజమే, బోర్డుకేం కాదు. కానీ ఈ చరిత్రంతా చెప్పేది ఒకటే. స్క్రీన్ కాపాడింది ట్యూబు ముందున్న రోగిని, పక్కన నిలబడ్డ డాలీని కాదు. పక్కనున్నవాణ్ణి కాపాడేది సీసం, దూరం, తక్కువ టైం. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు లేకుండా ఎక్స్-రే యంత్రం నడపకూడదన్న రూల్‌ని చాలామంది విసుక్కుంటారు గానీ, ఆ రూల్ వెనక డాలీ లాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు.