గాలి దారిలో వచ్చిన కారం

శ్రీనాథుడు పల్నాడు తిరిగిన రోజుల్లో అక్కడ జొన్నన్నం ఉంది, సజ్జలున్నాయి, మిరపకాయ మాత్రం లేదు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య కూడా దాని రుచి ఎరిగి ఉండడు. అప్పటి మన వంటల్లో ఘాటంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. ఇవాళ ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు గుంటూరుదే. మిరప కథ చెప్పేవాళ్లు కొలంబస్‌నీ గోవానీ తలుస్తారు, మధ్యలో అట్లాంటిక్‌లోని అగ్నిపర్వత దీవుల ఊసెత్తరు. నాకైతే కథకు కీలకం అక్కడే ఉందనిపిస్తుంది.

తెరచాప ఓడకు దారి చూపేది గాలి. ఆఫ్రికా ఒడ్డు పక్కన వీచే ఈశాన్య వ్యాపార పవనాలు ఓడను పడమటికి తోస్తాయి. ఉత్తరానికి జరిగితే పశ్చిమ పవనాలు దాన్ని ఐరోపా వైపు మళ్లిస్తాయి. వెళ్లే దారిలో కెనరీ, కేప్ వెర్డీ దీవులు తగులుతాయి, వచ్చే దారిలో అజోర్స్. అన్నీ సముద్రం అడుగున లావా పేరుకుని పైకి లేచిన నేలలే. గాలిలో తేలో, అలల మీద కొట్టుకొచ్చో, పక్షి కడుపులో దాగో చేరిన విత్తనాలతోనే అక్కడి అడవులు పుట్టాయి. 15వ శతాబ్దం దాకా అజోర్స్‌లోనూ కేప్ వెర్డీలోనూ జనం లేరు. ఆ తర్వాత నావికులకు అవి మంచినీళ్ల రేవులయ్యాయి.

1492 సెప్టెంబరులో కొలంబస్ కెనరీల్లోని గొమేరా నుంచి బయల్దేరాడు. అవతలి ఒడ్డున జనం ‘అహి’ అనే కారం లేనిదే ముద్ద ముట్టరనీ, అది మిరియాలకంటే విలువైనదనీ 1493 జనవరి 15న తన దినచర్యలో రాసుకున్నాడు. తిరుగుదారిలో తుపానుకు చిక్కి, ఫిబ్రవరి 18న అజోర్స్‌లోని శాంతా మరియా దగ్గర లంగరు వేశాడు.

మిరపను మన దాకా తెచ్చినవాళ్లు పోర్చుగీసులు. వాస్కో డ గామా 1497లో కేప్ వెర్డీలోని శాంటియాగోలో ఆగి, తర్వాతే కోళికోడ్ దారి పట్టాడు. 1500లో మరో పోర్చుగీసు నావికుడు కాబ్రాల్ ఆ దీవుల పక్కగానే సాగి, బ్రెజిల్ తీరం తాకి, అక్కణ్నుంచి కోళికోడ్ చేరాడు. అలా మిరప పుట్టిన ఖండమూ మన పడమటి తీరమూ ఒకే ప్రయాణంలో కలిశాయి. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కాక విత్తనం నాటుకునే నేల కూడా దొరికింది.

దారిలోని దీవుల్లోనూ మిరప స్థిరపడింది. అజోర్స్‌లోని సావో మిగెల్‌లో ఎర్రగా పండిన కాయల తొడిమలు తీసి, రుబ్బి, ఉప్పు కలిపి సీసాలకెత్తుతారు. ఏడాది పొడవునా చేపల్లో, మాంసంలో అదే వేస్తారు. పండుమిరపకాయల్ని ఉప్పు, చింతపండుతో తొక్కి జాడీకెత్తే మన కొరివికారానికి అది దూరపు చుట్టమే.

మొక్కల రాకపోకలు ఒకవైపే సాగలేదు. హిమాలయాల్లో పుట్టిన పసుపుపచ్చ పూల అడవి అల్లాన్ని 19వ శతాబ్దంలో తోటల అందం కోసం అజోర్స్‌కు చేర్చారు. దాని దుంపలు చాపలా అల్లుకుపోయి కింద మరో విత్తనాన్ని మొలవనివ్వవు. లావా నేల మీద వేల ఏళ్లుగా పెరిగిన లారెల్ అడవి దాని కింద నలిగిపోయింది. బయటినుంచి వచ్చిన ప్రాణి ఎంత పని చేస్తుందో గుంటూరు, ప్రకాశం రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు 2021లో మిరప పూతలో చేరింది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు కదిలేవి. పూత రాలిపోయింది, నిలిచిన కాయ వంకర తిరిగింది. ఎందరో తోటలు పీకేశారు.

సావో మిగెల్ అడవిని నమ్ముకుని ప్రియోలో అనే చిన్న పిట్ట బతుకుతోంది. ప్రపంచం మొత్తంలో ఆ దీవి తూర్పు కొండల్లోనే అది మిగిలింది. 2003 నుంచి అక్కడివాళ్లు పట్టుబట్టి అల్లాన్ని తొలగిస్తూ, ఆ స్థలంలో దేశవాళీ చెట్లు నాటుతున్నారు. అంతరించడానికి అడుగు దూరంలో ఉన్న ఆ పిట్ట ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది.