రసీదు వెనక

పొదిలి దగ్గర ఒక పల్లెలో, పొగాకు రైతు ఇంట్లో అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి ఉంది. ముందు నుంచి తిప్పితే బ్యారన్ కట్టెలు, కూలీలు, బేళ్ల తూకాలు. వెనక నుంచి తిప్పితే ‘పాప చదువు’. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నిరుడు మార్చి ఆఖరు. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు ఇంకా యాభై రోజులున్నాయి.

“అందరూ షార్ట్‌టర్మ్ కోచింగ్‌కి విజయవాడ పోతున్నారు నాన్నా” అంది పాప.

తల్లికి ఇష్టం లేదు. ఇంట్లో గ్రేడింగ్ మొదలైంది. ఆకు రంగు చూసి వేరుచేయడంలో కూతురి చెయ్యి తనకంటే చురుకు. “ఈడ కూర్చుని చదువుకుంటే రాదా?” అంది.

“నీకు తెలవదులే. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్క లెక్క దగ్గర ఆగితే పోయినట్టే” అన్నాడు తండ్రి. ఆ ముక్క ఆయనది కాదు, వారం ముందు ఇంటికొచ్చి కాఫీ తాగిపోయిన కాలేజీ పీఆర్వోది. ఇంటర్ మార్కులకు ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఉందనీ, పాప ఇంట్లో ఉండే ఆ పాతిక శాతం పని చేసేసిందనీ పీఆర్వో చెప్పలేదు. చెబితే కాఫీ దండగ.

ఫీజు, హాస్టలు కలిపి 32,000. వేలం కేంద్రానికి తోలిన బేళ్లలో మూడు ‘నో బిడ్’ అని తిరిగొచ్చాయి. ఎరువుల కొట్టాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపు అదనం.

గదికి పదిమంది, ఒక కూలరు. దాని గాలి తలుపు దగ్గర పడుకున్నవాళ్లకే. మిగిలినవాళ్లు తువ్వాలు తడిపి కప్పుకునేవారు, అరగంటకల్లా అది ఆరిపోయేది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పేవారు. వారానికోసారి ఫోను, అదీ క్యూలో.

ఏప్రిల్ రెండో వారంలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. మార్కులు ముందు తండ్రి ఫోనుకే వచ్చాయి. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు గానీ కూతురికి చెప్పే దారి లేదు. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ నంబరు నుంచి ఫోనొచ్చింది. 974 అని చెప్పాడు. అవతల మాట లేదు. “ఏందమ్మా, ఇనపడిందా?” అంటే, “వెనక వాళ్లు తొందరపెడుతున్నారు నాన్నా” అని పెట్టేసింది. మా ఇంట్లో వండిన సంతోషం వాళ్ల వరండాలో చల్లారిపోయిందయ్యా, అన్నాడాయన నాతో.

ఇరవై ఆరో రోజున ఇంకో ఫోను. ఈసారి వార్డెన్. కళ్లు పచ్చగా ఉన్నాయి, తీసుకెళ్లండి. ఒంగోలులో డాక్టరు కామెర్లన్నాడు, ప్రయాణాలు వద్దన్నాడు.

మిగిలిన రోజుల డబ్బు అడగడానికి తండ్రి ఒక్కడే మళ్లీ వెళ్లాడు. కౌంటరు కుర్రాడు రసీదు తిప్పి చూపించాడు. వెనక చీమల బారులాంటి అక్షరాల్లో, కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు.

“చదువుకునే సంతకం పెట్టారు కదా సార్?”

వేలం కేంద్రంలో వ్యాపారులతో తగువుపడే మనిషి, అక్కడ నోరు మెదపలేక బస్సెక్కాడు.

నోటుపుస్తకంలో నన్ను ఆపేసిన పద్దు వేరే ఉంది. ‘పాప బదులు మనిషి 350’. లెక్కపెడితే ఇరవై రెండుసార్లు. గ్రేడింగ్‌కు పెట్టుకున్న కూలి అది. తండ్రి పొగాకు ఖర్చుల్లో రాయబోతే తల్లి పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పిందట: “ఈడ రాయి. ఇదీ చదువు ఖర్చే.” అంతా కూడితే, వడ్డీ కాక, 53,450 తేలింది. రసీదు మీదున్నది 32,000.

పాప ఇంట్లోనే, చప్పిడి కూడు తింటూ, పాత మోడల్ పేపర్లు చేసుకుంది. పరీక్ష రాసింది. జిల్లాలోనే ఇంజనీరింగ్ సీటొచ్చింది. షార్ట్‌టర్మ్ పనికొచ్చిందా అని అడిగాను. “కెమిస్ట్రీ సార్ బాగా చెప్పారు” అంది. అబద్ధమాడే పిల్ల కాదు.

ఆ తండ్రికి అప్పుడు తెలియని సంగతి ఒకటుంది. కోచింగ్ సెంటర్లపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పదిరోజుల్లో తిరిగివ్వాలి, హాస్టలు, మెస్ ఫీజులు సహా. అవి మార్గదర్శకాలే, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. అయినా అడగడానికి ఆ కాగితం ఆధారం. ఈ ఇంటి లెక్కలో యాభై రోజులకు ఇరవై నాలుగు మిగిలాయి, అంటే 15,360 రూపాయలు.

ఈ వేసవిలో పిల్లల్ని పంపుతున్నవాళ్లు రసీదు చేతికి రాగానే మొదట దాని వెనక వైపు చదవండి. ఇబ్బందైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.