విల్లు – దాని విలువ



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని మిత్రులు కోరారు. నేను అంతర్వేదివాణ్ని గనుక లక్ష్మీనరసింహస్వామివారి ఆలయం గురించో, భీష్మ ఏకాదశి కల్యాణం గురించో, 2020 సెప్టెంబరులో దగ్ధమైన రథం గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. అవి వ్రాయడానికి నాకంటె తెలిసిన పెద్దలున్నారు. నేను వేట విల్లు గురించి వ్రాస్తున్నాను. అందుకు కారణం మా మనవడు.

మా అమ్మాయి కొడుకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి దసరాకు ఫోను చేసి, "తాతయ్యా, స్నేహితులతో కలిసి జింకల వేటకు వెళ్దామనుకుంటున్నాను. క్రాస్‌బో కొనాలి. నువ్వు ఏజెన్సీలో పనిచేశావు కదా, విల్లు ఎలా ఎంచుకోవాలో నీకేమైనా తెలుసా?" అని అడిగాడు. పక్కనే ఉన్న మా ఆవిడ "చీమకు అపకారం చెయ్యని పిల్లాడికి ఇదేం బుద్ధి!" అంది. అక్కడ వేటకు లైసెన్సు ఉంటుందని, ఏ రోజుల్లో ఏ జంతువును ఎన్నింటిని కొట్టవచ్చో ప్రభుత్వమే నిర్ణయిస్తుందని వాడు నచ్చచెప్పాడు. ఆవిడ సంగతి అటుంచితే, వాడి ప్రశ్నకు నాకు సమాధానం తెలుసు. యాభై ఏళ్ళ క్రితం ఒక కొండరెడ్డి వృద్ధుడు నాకు నేర్పాడు. అయితే ఆయన పట్ల నేను చేసిన ఒక పని కూడా గుర్తుకువచ్చి, వెంటనే మాట పెగల్లేదు.

ముందు క్రాస్‌బో అంటే ఏమిటో చెబుతాను. తుపాకీ మడమ వంటి కర్రకు ముందుభాగాన విల్లును అడ్డంగా బిగిస్తారు. తాడును వెనక్కి లాగి ఒక కొక్కేనికి తగిలిస్తే అది అలాగే నిలిచి ఉంటుంది. గురి చూసి మీట నొక్కితే బాణం పోతుంది. లాగి పట్టుకొనే శ్రమ మనిషిది కాక కొక్కేనిది కావడమే దీనిలోని కిటుకు. ఇది కొత్త వస్తువేమీ కాదు. చైనాలో రెండు వేల ఏళ్ళకు పైబడి ఉంది. 1974లో బయటపడిన చిన్ చక్రవర్తి మట్టి సైనికుల గోతుల్లో దీని కంచు మీటలు దొరికాయి. యూరపులో 1139లో క్రైస్తవ మతాధిపతుల సభ, తోటి క్రైస్తవులపై దీన్ని వాడరాదని నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డు 1199లో ఈ బాణం దెబ్బతోనే మరణించాడు. మన దేశంలో నికోబార్ దీవుల్లోను, నాగా కొండల్లోను ఇటువంటి విల్లు ఉంది. గోదావరి ప్రాంతంలో మాత్రం నేను చూడలేదు. మనవి చేతి విల్లు, ఉండేలు.

ఉండేలు అంటే ఇప్పటి పిల్లలు పంగలకర్రకు రబ్బరు కట్టినదనుకుంటారు. మా చిన్నతనంలో ఉండేలు అంటే అచ్చమైన విల్లే. వెదురుబద్దకు రెండు తాళ్ళు కట్టి, వాటి నడుమ చిన్న జల్లెడలాగా అల్లి, బాణానికి బదులు మట్టి ఉండ పెట్టి కొట్టేవాళ్ళం. బంకమట్టి ఉండలను ఎండబెట్టి పొయ్యిలో కాల్చేవాళ్ళం. మామిడితోటల్లో చిలకలను, చేలల్లో పిట్టలను తోలడానికి అది ప్రతి ఇంట్లో ఉండేది. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి' సినిమా వచ్చాక మా ఊరి పిల్లలందరికీ విల్లంబుల పిచ్చి పట్టింది. మా దేవుడు నరసింహస్వామి, ఆయన వలచిన పిల్ల చేతిలో విల్లు. ఇంక మమ్మల్ని ఆపేదెవరు? ఉండేలు వదిలేటప్పుడు ఎడమ మణికట్టును కొద్దిగా పక్కకు తిప్పాలి. తిప్పకపోతే ఉండ వచ్చి బొటనవేలిని కొడుతుంది. నా ఎడమ బొటనవేలి గోరు ఈనాటికీ వంకరగా ఉండడానికి కారణం అదే.

ఆ వెదురు మాకు కొండల నుంచే వచ్చేది. పాపికొండలకు ఎగువన నరికిన కలప, వెదురు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. అక్కడి నుంచి లంకలకు, తీరానికి చేరేది. మా ఊళ్ళో పాకకు వేసిన వాసము, పడవకు వాడిన గెడ, నా ఉండేలు బద్ద అన్నీ అలా దిగివచ్చినవే. వెదురు వచ్చిన దారినే ఎదురు వెళ్ళవలసిన రోజు నాకు 1974లో వచ్చింది. గుమాస్తా ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు ఏజెన్సీకి బదిలీ అయ్యాను. అప్పట్లో అంతర్వేది, రంపచోడవరం ఒకే తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. 2022లో జిల్లాలు విడిపోయేదాకా అంతే. ఏజెన్సీ బదిలీ అంటే చలిజ్వరం అని అందరికీ భయం. మా అమ్మ ఏడ్చింది. నేను క్లోరోక్విన్ మాత్రల సీసా సంచిలో పెట్టుకొని వెళ్ళాను.

విచారణ పనిమీద కొండల్లోని ఒక చిన్న పల్లెకు వెళ్ళి, వాన పట్టుకోవడంతో రెండు రాత్రులు ఒక వృద్ధుని ఇంట ఉండవలసి వచ్చింది. ఆయన కొండరెడ్డి. ఈ కొండరెడ్ల గురించి హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1945లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. నేనది చదివింది పదవీ విరమణ చేశాకనే. ఆ రోజు నాకు గ్రంథం లేదు, ఆ తాతే ఉన్నాడు. పొయ్యి పైన అటక మీద పొగచూరిన వెదురుబద్దలు నాలుగైదు కనబడితే, అవేమిటని అడిగాను. ఇక చూడండి, అర్ధరాత్రి దాకా పాఠమే.

విల్లుకు బోలు వెదురు పనికిరాదు. దాదాపు గట్టిగా ఉండే సాధనపు వెదురు కావాలి. లేతది కాదు, ముదిరినది. వానలు వెనకబడ్డాక, చీకటి పక్షంలో నరకాలి. అలా నరికితే పురుగు పట్టదని ఆయన మాట. చలికాలంలో వెదురులో పిండిపదార్థం తక్కువగా ఉంటుందని, పురుగు దానికోసమే వస్తుందని తరువాత తెలుసుకున్నాను. చీల్చిన బద్ద పైచర్మం వేటగానికి ఎదురుగా కాక అవతలి వైపుకు రావాలి. వంచినప్పుడు సాగేది ఆ వైపే గనుక బలమైన పొర అక్కడుండాలి. నెలల తరబడి పొయ్యి పొగలో ఆరాలి. అల్లెత్రాడు కూడా సన్నగా చీరిన వెదురు పేడే. వానకు నారతాడులా సాగదట. దాన్ని కొనలకు బిగించేది అడ్డతీగ నారతో. అడ్డతీగల అనే ఊరిపేరు ఆ తీగ వల్ల వచ్చిందే గదా!

బాణాలు కూడా ఒక్కలాంటివి కావు. పిట్టకు మొద్దు మొన ఉన్న కర్రబాణం. చీల్చకుండా తగిలి పడేస్తుంది. కుందేలుకు, పందికి కమ్మరి చేత సాగగొట్టించిన ఇనుప మొన. మొన ఏదైనా, దూరం ఇరవై అడుగులు వేసేటంతే. "దూరాన్నుంచి కొట్టేవాడికి విల్లు కావాలి. దగ్గరికి పోగలిగేవాడికి ఓపిక చాలు" అన్నాడు.

మర్నాడు వాన తెరిపి ఇచ్చాక మూడు విళ్ళు నా ముందు పెట్టి, ఒకటి తీసుకోమన్నాడు. పాతికేళ్ళ కుర్రవాణ్ని. పౌరుషానికి పోయి అన్నింటికంటె బిరుసైనది తీసుకున్నాను. ఎలాగో లాగాను. "ఆపు" అన్నాడు. మూడు లెక్కపెట్టేలోగా చెయ్యి వణికింది. అప్పుడాయన నవ్వుతూ, "బాబూ, నువ్వు లాగగలిగింది నీ విల్లు కాదు. లాగి ఆపగలిగింది నీ విల్లు. జంతువు నీకేసి చూస్తున్నంతసేపూ ఆపాలి. పక్కకు తిరిగితేనే వదలాలి. తిరక్కపోతే దించెయ్యాలి" అన్నాడు. దించమన్నాడు గదా అని నేను తాడును ఒట్టినే వదలబోతే గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. బాణం లేకుండా తాడు వదిలితే ఆ దెబ్బ విల్లుకే తగిలి చీలిపోతుందట.

ఆ విల్లే మన చరిత్రలోనూ ఉంది. చిగురు పన్ను మీద, ముత్తాదార్ల కష్టాల మీద 1879లో రంప పితూరీ లేచినప్పుడు కొండవారి చేతుల్లో ఉన్నవి విల్లంబులు, కొద్దిపాటి నాటు తుపాకులు. అల్లూరి సీతారామరాజుగారి పేరు చెప్పగానే మనకు విల్లు పట్టిన బొమ్మే కళ్ళకు కడుతుంది. కాని ఆయన మొదట చేసిన పని ఏమిటి? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోవడం. విల్లు వేటకు చాలుతుంది, సర్కారు తుపాకీ ఎదుట యుద్ధానికి చాలదని ఆయన ఎరుగును. ఏ పనికి ఏ ఆయుధమో తెలియడమే ఎంపిక అంటే. 1924 మే 7న కొయ్యూరులో ఆయన కథ ముగిసింది. తుపాకులు సర్కారుకు చేరాయి. విల్లు మాత్రం ఏ నిషేధమూ లేకుండా కొండవాని అటక మీద మరో యాభై ఏళ్ళు ఉంది.

దాన్ని కిందికి దింపింది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో ఆయుధమనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులతో పాటు విల్లంబులు కూడా ఉన్నాయి. చట్టం అవసరమైనదే. అది లేకపోతే ఈనాడు అడవిలో ఏమీ మిగిలేది కాదని నేను నమ్ముతాను. ఐతే మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడే వీలు అదే చట్టంలో ఉండేది. 1991 సవరణతో అది పోయింది. లైసెన్సు అనే మాట పట్నంలో తుపాకీ ఉన్న దొరలకు తెలిసింది. కొండమీది తాతకు తెలియలేదు.

1976లో నేను పనిచేస్తున్న కార్యాలయానికి (అది ఏదో ఇక్కడ అనవసరం) ఒక మనిషిని, ఒక విల్లును, అయిదు బాణాలను, ఒక చచ్చిన కుందేలును తెచ్చారు. మనిషి ఆ తాతే. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నేను తల వంచుకొని జప్తు వస్తువుల రిజిస్టరు తీశాను. వరుస సంఖ్య, వస్తువు వివరము, సంఖ్య, విలువ అని నాలుగు గడులు. "తాడు కట్టిన వెదురు కర్ర – 1. పుల్లలు – 5. విలువ – లేదు" అని వ్రాశాను. విల్లు అని వ్రాస్తే కేసు పెద్దదవుతుందని ఆయన మేలుకోరే అలా వ్రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. పై అధికారి ఎదుట ఈయన నాకు తెలుసునని చెప్పడానికి జంకానన్నదీ నిజమే.

"ఏం రాశావు బాబూ?" అని అడిగాడు. "విల్లు అని రాశాను తాతా" అని అబద్ధం చెప్పాను. సంతోషించాడు. హెచ్చరించి పంపేశారు. విల్లు తిరిగి ఇవ్వలేదు. విలువ లేని వస్తువు గనుక దానికి లెక్కా లేదు. ఆ చలికాలంలో నీళ్ళ కాగు కింద పెట్టేశారని అటెండరు చెప్పగా విన్నాను. మరుసటి ఏడు నాకు కోనసీమకు బదిలీ అయింది. తాతను మళ్ళీ చూడలేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. ఆ చట్టం ప్రతి చేతికి రాగానే విల్లు మాట ఏమైనా ఉందా అని వెతికాను. గిరిజనుల సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూ, వేటాడే హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించారు. అది న్యాయమా కాదా అని తీర్పు చెప్పేటంతటి వాణ్ని కాను. ఈనాడు విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విల్లు పట్టి మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ విల్లుకు కప్పీలుంటాయి. లాగాక భారమంతా చేతిమీద పడకుండా అవి కాస్తాయి. చూస్తే తాత మాటే గుర్తుకువచ్చింది. ఆపడానికే గదా ఇంత యంత్రాంగం!

మనవడికి మర్నాడు నేనే ఫోను చేశాను. పౌండ్ల సంఖ్య చూసి మోసపోవద్దన్నాను. క్రాస్‌బో నూటయాభై, రెండువందల పౌండ్లని గొప్పగా వ్రాస్తారు గాని దాని తాడు వెనక్కి వచ్చే దూరం చేతి విల్లుకంటె తక్కువ. కాబట్టి రెండింటి సంఖ్యలనూ పోల్చరాదు. కొట్లో నువ్వే స్వయంగా తాడు ఎక్కించి చూసుకో, భుజాన ఆనించి చెయ్యి వణక్కుండా నిలబడగలవో లేదో చూడు అన్నాను. బొటనవేలు తాడు దారిలోకి రానివ్వకు, వస్తే తెగిపోతుంది, నా గోరు గుర్తుంచుకో అన్నాను. బాణం లేకుండా మీట నొక్కవద్దన్నాను. జంతువు పక్కకు తిరగకపోతే దించెయ్యమన్నాను. "ఇవన్నీ ఇక్కడి పుస్తకంలోనూ ఉన్నాయి తాతయ్యా, నీకెలా తెలుసు?" అన్నాడు. అప్పుడు వాడికి పై కథంతా చెప్పాను. ఇంట్లో ఎవరికైనా చెప్పడం అదే మొదలు. వాడు విల్లు కొన్నాడు. ఇప్పటికి దిమ్మ మీద సాధన మాత్రం చేస్తున్నాడు.

మిత్రులారా, మనమందరం జీవితమంతా గడులు నింపినవాళ్ళం. ఏ గడిలో ఏమి తప్పు వ్రాశామో మనకే తెలుసు. ఆ రిజిస్టరు ఇప్పుడు ఎక్కడా ఉండదు. ఉన్నా దిద్దే అధికారం నాకు లేదు. అందుచేత ఇక్కడ వ్రాస్తున్నాను. విల్లు – 1. సాధనపు వెదురుది, పొగలో ఆరినది, అడ్డనార కట్టు. బాణములు – 5, అందులో మూడు ఇనుప మొనవి, రెండు మొద్దువి. విలువ గడిలో ఏమి వ్రాయాలో మాత్రం ఈనాటికీ తోచలేదు.

ఏజెన్సీలో పనిచేసిన పెన్షనర్లు మనలో ఇంకా కొందరున్నారు. మీరు చూసిన పనిముట్లు, వాటి పేర్లు, అవి చేసే తీరు గుర్తున్నంతవరకు వ్రాసి వచ్చే సంచికకు పంపగోరుతున్నాను. సెలవు.