లినక్స్ కంప్యూటర్‌లో వెబ్ బ్రౌజర్ వేసుకోవడం ఎలా?

విండోస్ 10తో నడిచే పాత కంప్యూటర్లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. ఆ పాత మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకే కొందరు కంప్యూటర్‌ను పక్కన పడేయకుండా అందులో ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేయించుకుంటున్నారు. వాటికి లైసెన్స్ ఖర్చు లేదు. అయితే కంప్యూటర్ ఇంటికి రాగానే పిల్లలు అడిగే మొదటి మాట ఒకటే: "ఇందులో క్రోమ్ ఎక్కడుంది?"

చిక్కు అక్కడే మొదలవుతుంది. విండోస్ అలవాటుకొద్దీ నెట్‌లో వెతికి, ముందు కనిపించిన డౌన్‌లోడ్ బటన్ నొక్కేస్తారు. స్కాలర్‌షిప్ ఫారం, బ్యాంకు పని, హజ్ దరఖాస్తు, కరెంటు బిల్లు ఇవన్నీ ఇప్పుడు బ్రౌజర్‌లోనే జరుగుతున్నాయి. ఆ బ్రౌజరే నకిలీదైతే అందులో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ ఎవరి చేతికో పోతాయి. కాబట్టి ఏ బ్రౌజర్ వేసుకున్నామన్నదాని కంటే, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్నది ముఖ్యం.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి?

ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన కోడ్ అందరికీ తెరిచి ఉంటే, దాన్ని చూడడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి ఉంటే, అది ఓపెన్ సోర్స్. లినక్స్ అలాంటిదే. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అన్నీ లినక్స్‌లో రకాలు. బ్రౌజర్లలో ఫైర్‌ఫాక్స్, క్రోమియం ఓపెన్ సోర్స్. గూగుల్ క్రోమ్‌ను క్రోమియం ఆధారంగానే తయారుచేస్తారు. కానీ అందులో గూగుల్ సొంత భాగాలు కూడా కలుస్తాయి, అందుకే అది పూర్తిగా ఓపెన్ సోర్స్ కాదు. ఉచితంగా దొరికినంత మాత్రాన ఓపెన్ సోర్స్ అనలేం.

ముందు ఉన్నది చూసుకోవాలి

ఉబుంటు, మింట్, ఫెడోరా మూడింటిలోనూ ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది. డెబియన్ డెస్క్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ ఉంటుంది. ఈ రకంలో కొత్త హంగులు తరచూ మారవు కానీ, భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం వస్తూనే ఉంటాయి. చాలా కుటుంబాల అవసరాలకు ఇదే సరిపోతుంది. మెనూలో వెతికి, ఒకసారి తెరిచి, కావలసిన సైట్లు పనిచేస్తున్నాయో లేదో చూశాకే రెండో బ్రౌజర్ గురించి ఆలోచించడం మంచిది.

సాఫ్ట్‌వేర్ స్టోర్ నుంచి తెచ్చుకోవడం

ఫోన్‌లో ప్లే స్టోర్ ఉన్నట్టే లినక్స్‌లోనూ ఒక స్టోర్ ఉంటుంది. ఇప్పటి ఉబుంటులో దాని పేరు యాప్ సెంటర్, మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్. ఫెడోరాలో సాఫ్ట్‌వేర్ అనే ఉంటుంది.

1. స్టోర్ తెరిచి, వెతికే పెట్టెలో ఫైర్‌ఫాక్స్ అనో క్రోమియం అనో ఇంగ్లిష్‌లో కొట్టాలి.
2. పేరు, తయారుచేసిన సంస్థ సరిచూసుకోవాలి. ఫైర్‌ఫాక్స్ మొజిల్లా వాళ్లది.
3. ఇన్‌స్టాల్ నొక్కాలి.
4. పాస్‌వర్డ్ అడిగితే, కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యేటప్పుడు వాడేదే ఇవ్వాలి. జీమెయిల్ పాస్‌వర్డ్ గానీ బ్యాంకు పాస్‌వర్డ్ గానీ ఇక్కడ ఎవరూ అడగరు.
5. పూర్తయ్యాక అప్లికేషన్ల మెనూలో దాని బొమ్మ కనిపిస్తుంది.

ఇంతే పని. నల్లటి తెర తెరిచి కమాండ్లు కొట్టాల్సిన అవసరం లేదు.

క్రోమే కావాలంటే

కొన్ని పరీక్షల సైట్లు, ఆన్‌లైన్ క్లాసులు క్రోమే వాడమంటాయి. అప్పుడు ఫైర్‌ఫాక్స్ తెరిచి, క్రోమ్ కోసం గూగుల్ సొంత సైట్‌కే వెళ్లాలి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకూడదు. అడ్రస్ గూగుల్‌దేనా అని అక్షరం అక్షరం చూసుకోవాలి.

అక్కడ రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. డెబియన్, ఉబుంటు, మింట్ వాళ్లకు డెబ్ ఫైలు. ఫెడోరా, ఓపెన్‌సూసే వాళ్లకు ఆర్‌పీఎం ఫైలు. విండోస్‌లో వాడే ఈఎక్స్‌ఈ ఫైలు ఇక్కడ పనికిరాదు. తమకు సరిపోయే ఫైలు దించుకున్నాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దానిమీద రెండుసార్లు నొక్కితే ఇన్‌స్టాల్ తెర వస్తుంది. దాని బదులు ఫైలు లోపలి సరుకు తెరుచుకుంటే, రైట్ క్లిక్ చేసి, స్టోర్‌తో తెరిచేలా ఎంచుకోవాలి. బయటి ప్యాకేజీ అని హెచ్చరిక రావచ్చు. ఫైలు గూగుల్ సైట్ నుంచే వచ్చిందని రూఢి అయితేనే ముందుకు వెళ్లాలి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ 2016 మార్చిలోనే ఆగిపోయింది. సెట్టింగ్స్‌లో అబౌట్ అనే చోట 64 బిట్ అని ఉందో లేదో చూసుకోవాలి.

అప్‌డేట్లు ఎందుకంత ముఖ్యం?

బ్రౌజర్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చేది అప్‌డేటే. ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ దాదాపు నాలుగు వారాలకోటి వస్తుంది. స్టోర్ నుంచి వేసుకున్న బ్రౌజర్‌కు అప్‌డేట్లు స్టోర్ దారిలోనే వస్తాయి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే రకం ప్యాకేజీ. స్నాప్‌లను కంప్యూటర్ రోజుకు నాలుగుసార్లు తనంతట తానే చూసుకుంటుంది. అప్‌డేట్ ఉందని, బ్రౌజర్ మూసేయమని సూచన వస్తే ఒకసారి మూసి తెరిస్తే చాలు. క్రోమ్ డెబ్ ఫైలు వేసుకున్నప్పుడు గూగుల్ అప్‌డేట్ల చిరునామా కూడా సిస్టమ్‌లో చేరుతుంది. ఆపైన అది మిగతా సాఫ్ట్‌వేర్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది.

అందుకే "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని ఏదైనా వెబ్ పేజీ చెబితే నమ్మకూడదు. లినక్స్‌లో ఆ పని వెబ్ పేజీది కాదు, సిస్టమ్‌ది.

తెలుగు, ఉర్దూ సరిగ్గా కనిపించాలంటే

ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులోనూ ఉర్దూలోనూ దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో జనరల్ కింద లాంగ్వేజ్ దగ్గర మార్చుకోవచ్చు. అక్షరాల చోట చిన్న చిన్న గళ్లు కనిపిస్తే ఆ భాష ఫాంట్ లేదన్నమాట. స్టోర్‌లో గానీ గూగుల్ ఫాంట్స్‌లో గానీ నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది.

ఉర్దూ సంగతి కాస్త వేరు. నస్తాలీఖ్ ఫాంట్ లేకపోతే అక్షరాలు అరబ్బీ తరహా నస్ఖ్‌లో వస్తాయి. దాదీకి పేపర్‌లో చదివిన అలవాటు నస్తాలీఖ్ కాబట్టి స్క్రీన్ మీద చదవడం ఇబ్బందే. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసి, ఫైర్‌ఫాక్స్ ఫాంట్ల అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అరబిక్ లిపికి దాన్నే ఎంచుకోవాలి. సొంత ఫాంట్ పెట్టుకున్న సైట్లు మాత్రం తమ ఫాంట్‌లోనే కనిపిస్తాయి. టైపు చేయడానికి కంప్యూటర్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు, ఉర్దూ రెండూ చేర్చుకోవచ్చు.

పని ఆగితే

ఇన్‌స్టాల్ ముందుకు కదలకపోతే వెనకాల మరో అప్‌డేట్ నడుస్తుండవచ్చు. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. లింకు నొక్కితే వేరే బ్రౌజర్ తెరుచుకుంటుంటే, సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అప్లికేషన్లు అన్న చోట మార్చుకోవాలి. ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంటే ముందు తేదీ, టైము చూడాలి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సైట్ల భద్రతా పత్రాలు చెల్లనివిగా కనిపిస్తాయి. తేదీ సరిచేసి, బ్యాటరీ మార్పిస్తే సరి. ఆ హెచ్చరికను దాటేసి బ్యాంకు సైట్‌లోకి మాత్రం వెళ్లకూడదు.

ఎవరో పంపిన కమాండ్‌ను అర్థం తెలియకుండా అతికించడం మరీ ప్రమాదం. సుడో అని మొదలయ్యే కమాండ్‌కు పాస్‌వర్డ్ ఇచ్చామంటే కంప్యూటర్ మొత్తం మీద దానికి అధికారం ఇచ్చినట్టే. ఇంటి తాళంచెవి తెలియని మనిషి చేతిలో పెట్టం కదా, ఇదీ అంతే.

ఈ పనులన్నీ ఫారానికి చివరి తేదీ నాటి రాత్రి కాకుండా, ఒక ఆదివారం తీరిగ్గా చేసుకుంటే మంచిది. బ్రౌజర్ వేసి, అప్‌డేట్ చేసి, కావలసిన సైట్ ఒకసారి తెరిచి చూసుకుంటే, అవసరం పడ్డ రోజున హడావిడి ఉండదు.