ఎండ విటమిన్ - ఐసీయూ ప్రశ్న

సూరత్ పేరు వినగానే చీరలు గుర్తుకొస్తాయి కదూ! తాపీ నది ఒడ్డునున్న ఆ గుజరాత్ నగరంలో, లింబాయత్ వంటి పేటల్లో, తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఎండకు కొదవ లేదు. కానీ షెడ్డు లోపల 12 గంటల షిఫ్టు మరమగ్గం దగ్గర నిలబడే కార్మికుని ఒంటిపై ఆ ఎండ ఎంత పడుతుంది?

ఎండకూ ఎముకకూ ఉన్న సంబంధం తెలిసి నూరేళ్లు దాటింది. 1919లో బెర్లిన్ వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ వ్యాధితో బాధపడే పిల్లలకు అతినీలలోహిత దీపంతో చికిత్స చేశాడు. ఒక చేతిపైనే కాంతి పడినా రెండో చేతి ఎముకలూ గట్టిపడ్డాయి. అంటే చర్మంలో తయారైన పదార్థమేదో రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట! 1922లో అమెరికాలో మెకాలమ్ బృందం కాడ్ చేప నూనెలోని ‘ఎ’ విటమిన్‌ను నశింపజేసి చూసింది. అప్పటికీ ఆ నూనె రికెట్స్‌ను నయం చేసింది. అందులో మిగిలిన ఆ గుణానికే ‘డి’ అని పేరు పెట్టారు.

మరి ఎండ దేశమైన మనకు లోటు ఉండకూడదు కదా? 2000 దశకంలో తిరుపతి స్విమ్స్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, పొలం పనులు చేసే పల్లెవాసుల్లోనూ ఈ విటమిన్ చాలామందికి తక్కువగానే ఉంది. పట్నవాసుల్లో మరీ తక్కువ.

ఇక ఆసుపత్రికి వద్దాం. ఐసీయూలో చేరిన రోగుల్లో చాలామందికి విటమిన్ ‘డి’ తక్కువగా ఉంటుందనీ, బాగా తక్కువ ఉన్నవారిలో మరణాలు ఎక్కువనీ అనేక అధ్యయనాలు చూపాయి. అయితే ‘డి’ ఇచ్చేస్తే బతుకుతారా? ఇక్కడ తొందరపడకండి. బావిలో నీరు అడుగంటడం కరువుకు గుర్తే. అంతమాత్రాన బావిలో నాలుగు బిందెలు పోస్తే వాన కురుస్తుందా? జబ్బు తీవ్రమైనప్పుడు ఈ విటమిన్‌ను మోసే ప్రొటీన్ తగ్గుతుంది. సెలైన్ ఎక్కించినకొద్దీ రక్తం పలచబడుతుంది. ఆ విటమిన్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే కాలేయం, మూత్రపిండాలే దెబ్బతిని ఉండవచ్చు. కొంత తరుగుదల జబ్బు వల్లనే రావచ్చు.

తేల్చవలసింది ప్రయోగమే. 2014లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 492 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదటి విడతలోనే 5,40,000 యూనిట్లు ఇచ్చారు. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. లోపం మరీ తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం ఆసుపత్రి మరణాలు తక్కువగా కనిపించాయి. ఆశ పుట్టింది! అయిదేళ్ల తర్వాత, 2019లో, అమెరికాలో అదే మోతాదుతో వెయ్యిమందికి పైగా రోగులపై పరీక్ష జరిగింది. 90 రోజుల్లో విటమిన్ తీసుకున్నవారిలో 23.5 శాతం, ఉత్తి మందు తీసుకున్నవారిలో 20.6 శాతం మరణించారు. ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చు గాని, మేలు మాత్రం కనిపించలేదు. లోపం మరీ తీవ్రంగా ఉన్నవారిని విడిగా లెక్కించి చూసినా అంతే.