ఒకటికీ రెండుకీ మధ్య 300 జీబీ

అర్ధరాత్రి దాటాక ఒక ఇంజినీరు తప్పు సర్వర్‌లో కొట్టిన కమాండ్‌కి 300 జీబీ డేటా తుడిచిపెట్టుకుపోయింది. కాపాడతాయనుకున్న ఏర్పాట్లు ఐదూ అక్కరకు రాలేదు. 2017లో గిట్‌ల్యాబ్ సంస్థ ప్రపంచం కళ్లెదుటే ఆ డేటాను తిరిగి తెచ్చుకుంది. ఆ రోజు జరిగిందేమిటో సంస్థే వెల్లడించిన వివరాల ఆధారంగా ఈ యథార్థ గాథ.

2017 జనవరి 31, మంగళవారం. నెదర్లాండ్స్‌లో రాత్రి పదకొండయింది. పొద్దుపోయింది, ఇక పడుకుంటానని ఆ ఇంజినీరు తోటివాళ్లతో చెప్పేశాడు. అప్పటికే సాయంత్రం నుంచి ఊపిరి సలపని పని. అతను లేవబోతుండగా డేటాబేస్ దగ్గర కొత్త తంటా వచ్చిపడింది. కుర్చీలోంచి లేవలేదు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్‌ను దాచుకుని, నలుగురూ కలిసి దిద్దుకునే చోటు గిట్‌ల్యాబ్. మాదాపూర్‌లోనైనా విశాఖలోనైనా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి పరిచయమైన పేరే. ఉద్యోగులు తలా ఒక దేశంలో, ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తారు. కాబట్టి ఆ రాత్రి ఆ ఇంజినీరు పక్కన కూర్చుని అతని తెర చూసేవాళ్లెవరూ లేరు.

ఆ సాయంత్రం ఏడెనిమిది గంటల నుంచే డేటాబేస్ మీద భారం పెరిగిపోయింది. కామెంట్లు పోస్టు కావడం లేదు. స్పామ్ ముఠాల పని అనుకుని వాళ్లను అడ్డుకోవడానికే గంటలు పట్టింది. ఇంకో కారణం తర్వాత బయటపడింది. సొంత ఉద్యోగి ఖాతా మీద ఎవరో దుర్వినియోగం అని ఫిర్యాదు చేస్తే, అది పొరపాటున తొలగింపు జాబితాలోకి వెళ్లింది. ఆ ఖాతా తాలూకు డేటా మొత్తాన్ని తీసేసే పని తెరవెనుక నడుస్తోంది.

ఆ ఒత్తిడికి రెండో సర్వర్ వెనకబడింది. గిట్‌ల్యాబ్ డేటాబేస్‌కి రెండు సర్వర్లు: అసలుది డీబీ1, దాని నకలు డీబీ2. దుకాణంలో ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాసి తర్వాత ఆవర్జాకి ఎక్కించినట్టు, డీబీ1 ప్రతి మార్పునీ ముందు ఒక లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్ చదువుకుంటూ డీబీ2 తనను తాను సరిచేసుకుంటుంది. ఆ రాత్రి లాగ్ పేజీలు డీబీ2 చదివేలోపే డీబీ1లోంచి చెరిగిపోయాయి. పాత పేజీలను వేరేచోట దాచే ఏర్పాటు లేదు. ఇక దారి ఒక్కటే: డీబీ2ని పూర్తిగా ఖాళీ చేసి, డీబీ1 నుంచి మొత్తం మళ్లీ కాపీ చేయాలి.

కాపీ చేసే కమాండ్ పేరు పీజీ బేస్‌బ్యాకప్. అది మొదలుపెట్టగానే మొరాయించింది. కనెక్షన్లు చాలవంటే ఒక సెట్టింగ్ పెంచాడు. దాంతో డేటాబేస్ తిరిగి లేవనంది. అసలు కనెక్షన్ల పరిమితే 8000 దగ్గర ఉంది, అంత పనికిరాదు. 2000కి తగ్గిస్తే లేచింది. మళ్లీ కమాండ్ కొట్టాడు. ఈసారి ఎర్రర్ రాలేదు, ఏ కబురూ రాలేదు. తెర మీద కర్సర్ అలా మిణుకుమంటూ ఉండిపోయింది.

నిజానికి ఆ కమాండ్ తీరే అంత. డీబీ1 డేటా పంపడం మొదలుపెట్టేదాకా అది చడీచప్పుడు లేకుండా కాచుకుని ఉంటుంది. ఈ సంగతి సంస్థ రాసుకున్న పని సూచనల్లో లేదు, ఆ కమాండ్ అధికారిక వివరణలోనూ స్పష్టంగా లేదు. ఇంకాసేపు వేచి ఉంటే చాలని చెప్పేవాళ్లు లేరు. చిరాకు, నిద్రమత్తు, అర్ధరాత్రి. ఇందాకటి ప్రయత్నాల్లో డీబీ2 డైరెక్టరీలో ఏవో అరకొర ఫైళ్లు పడి ఉంటాయని, అవే అడ్డుపడుతున్నాయని అతనికి తోచింది. వాటిని తుడిచేసి మళ్లీ మొదలుపెడదామనుకున్నాడు.

అక్కడ స్థానిక సమయం పన్నెండున్నర. మనకు తెల్లవారుజామున ఐదు.

టెర్మినల్ అంటే నల్లని కిటికీ, అందులో అక్షరాలు. ఏ సర్వర్‌లో ఉన్నామో చెప్పేది వరస మొదట్లో ఉండే పేరు ఒక్కటే. రెండు కిటికీలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో డీబీ2, ఇంకోదాంట్లో డీబీ1, తేడా ఒక్క అంకె. అతను డీబీ2 అనుకుని డీబీ1 కిటికీలో ఆర్ఎం కమాండ్ టైపు చేశాడు. డైరెక్టరీ మొత్తాన్ని లోపలి ఫైళ్లతో సహా, మారు ప్రశ్న వేయకుండా తీసేయమని దాని అర్థం. ఎంటర్ కొట్టాడు.

ఒకట్రెండు సెకన్లలోనే పేరు కంటపడింది. వెంటనే కమాండ్ ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ పోయింది. మిగిలింది నాలుగున్నర జీబీ.

గిట్‌ల్యాబ్ వెబ్‌సైట్ ఆగిపోయింది. బ్యాకప్‌ల కోసం వెతుకులాట మొదలైంది.

మొదట చూసింది రోజువారీ డంప్. పీజీ డంప్ అనే కమాండ్ ఇరవై నాలుగు గంటలకోసారి డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా కట్టి అమెజాన్ ఎస్3 నిల్వలోకి పంపాలి. అక్కడ తెరిచి చూస్తే ఖాళీ, ఒక్క ఫైలు లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, దాన్ని కాపీ తీయాల్సిన పీజీ డంప్ మాత్రం 9.2 వెర్షన్‌లో నడుస్తోంది. వెర్షన్ కుదరక ప్రతి రాత్రీ విఫలమవుతూనే ఉంది. విఫలమైనప్పుడల్లా హెచ్చరిక ఈమెయిల్ వెళ్లే ఏర్పాటుంది, ఆ ఈమెయిల్ వెళ్లింది కూడా. పంపినవారి గుర్తింపును సరిచూసే డీమార్క్ నిబంధన ప్రకారం దానికి సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. బ్యాకప్ చెడింది, చెడిందన్న కబురూ చెడింది. ఎవరికీ తెలియలేదు.

అజ్యూర్ క్లౌడ్‌లో డిస్క్ స్నాప్‌షాట్లు ఉండాలి. ఫైల్ సర్వర్లకు ఉన్నాయి గానీ, మిగతా ఏర్పాట్లు చాలని డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. నకలు సర్వర్ డీబీ2 ఉండాలి. దాన్ని ఆ రాత్రే ఖాళీ చేశారు.

చివరికి దొరికింది ఒక్కటే. ఆ సాయంత్రం ఆరుంబావు దాటాక ఇదే ఇంజినీరు వేరే ప్రయోగం కోసం డేటాబేస్ స్నాప్‌షాట్ ఒకటి చేత్తో తీసి, పరీక్షలకు వాడే సర్వర్‌లో పెట్టాడు. మామూలుగా అలాంటి స్నాప్‌షాట్ రోజుకోసారే తీస్తారు. ప్రమాదానికి ఆరు గంటల ముందు తీసిన ఆ కాపీ ఏ రక్షణ ప్రణాళికలోనూ లేదు. అది లేకుంటే ఒక రోజంతటి పని గల్లంతయ్యేది. 300 జీబీ తుడిచేసిన చేయే ఆ సాయంత్రం సంస్థను కాపాడింది కూడా.

ఇక కాపీ చేయడం. పరీక్షల సర్వర్‌లో ఉన్నవి చవకరకం డిస్కులు, సెకనుకు 60 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయాయి. వేగం పెంచే దారి లేదు. దాదాపు పద్దెనిమిది గంటలు పట్టింది.

ఆ పద్దెనిమిది గంటల్లో గిట్‌ల్యాబ్ చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏం పోయింది, ఎలా పోయింది, ఇప్పుడేం చేస్తున్నాం అన్నది ఎవరైనా చదవగలిగే గూగుల్ డాక్యుమెంట్‌లో ఎప్పటికప్పుడు రాసింది. ఐదు ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా పనిచేయలేదన్న మాటనూ అందులోనే పెట్టింది. మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఒక దశలో ఐదు వేల మంది దాకా చూశారు. దేశదేశాల ఇంజినీర్లు ఎగతాళి చేయడానికి బదులు ధైర్యం చెప్పారు. ఇలాంటి రాత్రి తమకూ రావచ్చని వాళ్లకు తెలుసు.

ఫిబ్రవరి 1 రాత్రి, మన గడియారం ప్రకారం 11 గంటల 44 నిమిషాలకు సైట్ తిరిగి తెరుచుకుంది. తెరవబోయే ముందు ఒక జాగ్రత్త తీసుకున్నారు. పోయిన రికార్డుల నంబర్లు కొత్తవాటికి పడి గందరగోళం కాకుండా, వరస సంఖ్యలన్నిటినీ లక్ష చొప్పున ముందుకు జరిపారు. కోడ్ నిల్వలకు ఏమీ కాలేదు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5000 ప్రాజెక్టుల వివరాలు, 5000 కామెంట్లు, 700 ఖాతాలు మాత్రం మళ్లీ రాలేదు.

ఇంజినీరు ఉద్యోగం పోలేదు. నివేదికలో పేరు లేకుండా, తప్పు ఎక్కడెక్కడ జరిగిందో మాత్రమే రాశారు. అసలు సర్వర్ టెర్మినల్‌లో పేరు ఎరుపులో, పరీక్షల సర్వర్‌లో పసుపులో కనపడాలని నిర్ణయించారు. బ్యాకప్‌లను దానంతటదే తిరిగి తెరిచి పరీక్షించే ఏర్పాటు మొదలుపెట్టారు. డేటా భద్రతకు జవాబుదారీగా ఒక మనిషిని పెట్టారు. అంతకు ముందు ఆ బాధ్యత ఫలానావారిదని లేదు, అందుకే ఎస్3 నిల్వలోకి తొంగిచూసినవారు లేరు.

ఈ కథలో ఇంజినీరు చేయి జారిన క్షణం కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేవి అంతకు ముందు గడిచిన రాత్రులు. ప్రతి రాత్రీ కమాండ్ నడిచింది, ఏమీ దాచలేదు, అంతా సవ్యంగానే ఉందని అందరూ నిద్రపోయారు. మనుషులు అలసిపోతారు, కిటికీ పొరబడతారు. బ్యాకప్ ఉన్నదే అందుకు. అది ఉందో లేదో తెలిసే మార్గం ఒక్కటే: తెరిచి చూడటం.

ఇది పెద్ద కంపెనీలకే వర్తించే మాట కాదు. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన టార్ కమాండ్ ఈనాటికీ లినక్స్, మ్యాక్ యంత్రాల్లో ఉంది. దానికి సి అక్షరం ఇస్తే ఫైళ్లన్నీ కలిపి ఒక ఆర్కైవ్ కడుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. టి ఇస్తే లోపల ఏమున్నాయో జాబితా చూపిస్తుంది. లినక్స్‌లోని గ్నూ టార్‌కి డి ఇస్తే ఆర్కైవ్‌లోని ఫైళ్లనూ డిస్కులోని ఫైళ్లనూ పోల్చి తేడాలు చెబుతుంది. ఎక్స్ ఇస్తే విప్పుతుంది. పిల్లల ఫొటోలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు, దుకాణం లెక్కలు ఎక్కడ దాచుకున్నా, ఈ ఆదివారం ఆ ఆర్కైవ్‌ను వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి విప్పండి. రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటే మీకు బ్యాకప్ ఉన్నట్టు. తెరుచుకోకపోతే, అసలు ఫైళ్లు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి వెంటనే మళ్లీ కాపీ తీసుకోండి.